మూసిన డాంపర్ నుంచి గాలి ఎంత లీకవుతోంది? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఏసీ, వెంటిలేషన్ వ్యవస్థల్లోని డాంపర్ల గురించే. డాంపర్ అంటే గాలి దారిని (డక్ట్‌ను) మూసి తెరిచే బ్లేడ్ల (పలకల) తలుపు. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ఒక ఆఫీసు భవనానికి ఏసీ పనులు చూస్తున్నాను. ఒక్కో ఏహెచ్‌యూకి (గాలిని చల్లబరిచి భవనంలోకి పంపే యంత్రానికి) 1200 × 900 మిల్లీమీటర్ల ఫ్రెష్ ఎయిర్ డాంపర్ పెట్టాలి. డ్రాయింగుల్లో 'లో లీకేజీ డాంపర్' అని తప్ప ఇంకేమీ లేదు. కొటేషన్లు ఇచ్చిన ముగ్గురూ 'మాది లో లీకేజీయే' అంటున్నారు. ధరల్లో మాత్రం చాలా తేడా ఉంది. వాళ్లను ఏం అడగాలి?
– సైట్ ఇంజనీరు, విశాఖపట్నం

జవాబు: 'లో లీకేజీ' అన్న మాటకు కొలత లేదు కాబట్టి ముగ్గురూ చెప్పేది నిజమే కావచ్చు. ఎంత ఒత్తిడి దగ్గర, చదరపు అడుగుకు ఎన్ని సీఎఫ్‌ఎంలు (నిమిషానికి ఘనపుటడుగుల గాలి) లీకవుతుందో రాసి ఇమ్మనండి. మన దగ్గర ఎక్కువగా వాడేది ఆమ్కా (గాలి పరికరాల తయారీదారుల అంతర్జాతీయ సంఘం) తరగతులు. పరీక్ష పద్ధతి ఆమ్కా 500-డి. 1 అంగుళం నీటి మట్టం ఒత్తిడి, అంటే సుమారు 250 పాస్కల్స్ దగ్గర గరిష్ఠ లీకేజీ ఇలా ఉంటుంది: క్లాస్ 1ఏ అయితే చదరపు అడుగుకు 3 సీఎఫ్‌ఎం, క్లాస్ 1 అయితే 4, క్లాస్ 2 అయితే 10, క్లాస్ 3 అయితే 40. క్లాస్ 3కీ క్లాస్ 1కీ పదిరెట్ల తేడా ఉంది. కొటేషన్లలో ధరల తేడా వచ్చేది ఇక్కడే.

మీ డాంపర్ విస్తీర్ణం 1.08 చదరపు మీటర్లు, అంటే 11.6 చదరపు అడుగులు. 250 పాస్కల్స్ దగ్గర క్లాస్ 3 అయితే 465 సీఎఫ్‌ఎం, క్లాస్ 1 అయితే 46 సీఎఫ్‌ఎం లీకవుతుంది. అమ్మేవాళ్లు ఈ 465ని పట్టుకుని పొదుపు లెక్కలు వేసి చూపిస్తుంటారు. అది నమ్మొద్దు. ఏహెచ్‌యూ ఆగి ఉన్నప్పుడు డాంపర్‌కు అటూ ఇటూ 250 పాస్కల్స్ తేడా ఉండదు. గాలి వాటం, భవనం ఎత్తు వల్ల వచ్చే తేడా మామూలుగా 10 నుంచి 25 పాస్కల్స్. లీకేజీ ఒత్తిడికి వర్గమూలంగా మారుతుంది. ఆమ్కా పట్టికే చూడండి: 1 అంగుళం దగ్గర 4 సీఎఫ్‌ఎం ఉన్న క్లాస్ 1కి 4 అంగుళాల దగ్గర 16 కాదు, 8 సీఎఫ్‌ఎం రాసి ఉంటుంది. ఆ లెక్కన 25 పాస్కల్స్ దగ్గర క్లాస్ 3 డాంపర్ 465 బదులు 147 సీఎఫ్‌ఎం లీకవుతుంది. క్లాస్ 1 అయితే 15 లోపే.

147 చిన్నదేమీ కాదు. విశాఖలో వానాకాలం రాత్రి బయట 28 డిగ్రీలు, 85 శాతం తేమ ఉందనుకోండి. లోపల 24 డిగ్రీలు, 55 శాతం. ఒక్కో కిలో బయటి గాలితో సుమారు 10 గ్రాముల అదనపు నీటి ఆవిరి లోపలికి వస్తుంది. 147 సీఎఫ్‌ఎం అంటే సెకనుకు 0.08 కిలోల గాలి, అంటే గంటకు దాదాపు 3 లీటర్ల నీరు! చల్లదనం లెక్కలో చూస్తే ఇంచుమించు 0.7 టన్ను. లోపలి తేమ పెరిగేకొద్దీ ఈ అంకె తగ్గుతుంది. అయినా అప్పటికే కార్పెట్లు, ఫాల్స్ సీలింగ్ పలకలు, ఫైళ్లు తేమ పీల్చుకుని ఉంటాయి. పొద్దున ఏసీ వేశాక మొదటి గంటంతా దాన్ని లాగడానికే సరిపోతుంది. క్లాస్ 1 డాంపర్ ఉంటే ఇదంతా పదో వంతుకు దిగుతుంది.

మరొక సంగతి: లోపలికి వచ్చిన గాలి ఎక్కడో ఒకచోట బయటికి పోవాలి. చాలా భవనాల్లో ఆ దారి టాయిలెట్ ఎగ్జాస్ట్ షాఫ్టే. ఫ్రెష్ ఎయిర్ వైపు ఖరీదైన డాంపర్ పెట్టి, ఎగ్జాస్ట్ వైపు రేకు ముక్క వేలాడదీస్తే ఖర్చు పెట్టిన ఫలితం దక్కదు.

మీ ఆర్డర్‌లో రాయాల్సినవి: క్లాస్ 1, లేదా కనీసం క్లాస్ 2, ఆమ్కా సర్టిఫికెట్ ప్రతి, అది మీ కొలతకు వర్తిస్తుందన్న హామీ, లీకేజీ పరీక్ష ఎంత టార్క్‌తో (తిప్పే బలంతో) మూసిపట్టి చేశారన్న అంకె. ఈ చివరిది కేటలాగ్‌లో పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదరపు అడుగుకు 5 ఇంచ్-పౌండ్లు అన్నట్టుగా. యాక్చుయేటర్ (బ్లేడ్లను తిప్పే మోటారు) అంత బలంగా నొక్కకపోతే సర్టిఫికెట్‌లోని క్లాస్ మీ సైట్లో రాదు. చిన్న డాంపర్ల విషయంలో ఇంకా జాగ్రత్త పడాలి. విస్తీర్ణంతో పోలిస్తే అంచుల పొడవు ఎక్కువ కాబట్టి చదరపు అడుగుకు లీకేజీ పెరుగుతుంది. పెద్ద సైజు మీద చేసిన పరీక్ష అంకెను 300 మిల్లీమీటర్ల డాంపర్‌కు అంటగట్టనివ్వకండి.

బబుల్‌టైట్ (గాలి బుడగను కూడా పోనివ్వని) డాంపర్ కావాలా అని కూడా ఎవరో ఒకరు అడుగుతారు. అవి ఫార్మా కంపెనీల్లో, ల్యాబుల్లో గదిని మూసి ఫ్యూమిగేషన్ చేసే చోట్లకు. ఆఫీసుకు దండగ.

ప్రశ్న: మా భవనంలో క్లాస్ 1 డాంపర్లే ఉన్నాయి. బీఎంఎస్ (భవన నియంత్రణ కంప్యూటర్) తెర మీద రాత్రంతా 'క్లోజ్డ్' అనే చూపిస్తోంది. అయినా పొద్దున్నే ఏహెచ్‌యూ గదిలో ఉక్కగా ఉంటోంది, మిక్సింగ్ ఛాంబర్ (బయటి గాలి, గదుల నుంచి తిరిగొచ్చిన గాలి కలిసే పెట్టె) గోడలు చెమ్మగా ఉంటున్నాయి. లోపం ఎక్కడుందో ఎలా తెలుసుకోవాలి?
– మెయింటెనెన్స్ ఇన్‌ఛార్జి, హైదరాబాద్

జవాబు: బీఎంఎస్‌కు వచ్చే సమాచారం యాక్చుయేటర్ నుంచి. బ్లేడ్ల నుంచి కాదు. యాక్చుయేటర్ తన 90 డిగ్రీలూ తిరిగి 'మూశాను' అంటుంది. క్లాంప్ షాఫ్ట్ మీద జారినా, లింకేజీ రాడ్ (బ్లేడ్లను కలిపి తిప్పే కడ్డీ) స్క్రూ వదులైనా దానికి తెలియదు.

ఏహెచ్‌యూ ఆపి, డాంపర్‌కు మూసే ఆదేశం ఇచ్చి, ఫ్యాన్ మోటారు ఐసొలేటర్‌కు తాళం వేశాక యాక్సెస్ డోర్ తెరవండి. షాఫ్ట్ చివర రంపంతో కోసినట్టు ఒక గాడి ఉంటుంది. అది బ్లేడు ఏ దిక్కున ఉందో చూపిస్తుంది. చాలాసార్లు సంగతి అక్కడే తేలిపోతుంది. తరువాత ఛాంబర్‌లో దీపం ఆర్పి, అవతలి వైపు లూవర్ (బయటి గాలి వచ్చే జాలీ) మీద టార్చ్ వేయించండి. బ్లేడ్ల మధ్య వెలుగు గీతలు కనబడితే బ్లేడు సీళ్లు కలవడం లేదు. రెండు పక్కల నిలువు గీతలు కనబడితే జాంబ్ సీల్ (ఫ్రేము పక్కల ఉండే సీల్) పోయింది. ఫ్రేముకీ గోడకీ మధ్య కనబడితే తప్పు డాంపర్‌ది కానే కాదు, బిగించినవాళ్లది. అక్కడ సీలెంట్ వేయాలి. ఈ మూడో రకం మీరు అనుకున్నదానికంటే చాలా ఎక్కువ. ఫ్యాక్టరీ పరీక్షలో ఆ సందు ఉండదు కాబట్టి ఏ సర్టిఫికెట్‌లోనూ కనబడదు.

వెలుగు కనబడకపోతే కాగితం పరీక్ష చేయండి. మామూలు జిరాక్స్ కాగితాన్ని రెండు వేళ్ల వెడల్పున చించి, బ్లేడ్ల మధ్య పెట్టి మూయించి లాగండి. బిగువుగా రావాలి. జారిపోయిన చోట సీల్ నొక్కుకోవడం లేదు. అగరుబత్తి పొగతో కూడా చూడొచ్చు. ముందు ఫైర్ ప్యానెల్ దగ్గర ఉన్నవాళ్లకు చెప్పండి, నిప్పును ఫిల్టర్లకు దూరంగా పట్టుకోండి.

ఇప్పుడు యాక్చుయేటర్ మీద క్లచ్ బటన్ నొక్కి బ్లేడ్లను చేత్తో తిప్పండి (కరెంటు పోతే స్ప్రింగు బలంతో మూసుకునే స్ప్రింగ్ రిటర్న్ రకమైతే ముందు క్లాంప్ వదులు చేయాలి). మూసినట్టు చూపిస్తున్న స్థానం దాటి ఇంకా కొంచెం తిరిగితే సర్దుబాటు తప్పింది. క్లాంప్ వదులు చేసి, బ్లేడ్లను చేత్తో పూర్తిగా మూసిపట్టి, యాక్చుయేటర్‌ను దాని మూసిన స్థానానికి సుమారు 5 డిగ్రీల ముందు ఉంచి బిగించండి. ఆ 5 డిగ్రీల తోపే సీళ్లను నొక్కిపట్టేది. సున్నా దగ్గర బిగిస్తే బ్లేడ్లు ఒకదానికొకటి తాకుతాయి గానీ నొక్కుకోవు. కొత్త భవనాల్లో మాకు ఎదురయ్యే లోపాల్లో ఇదే మొదటిది.

చేత్తో తిప్పినా మూసుకోకపోతే ఫ్రేము వంకరగా ఉంది. మూల నుంచి మూలకు రెండు కర్ణాలూ కొలవండి. 3 మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే ఒక మూల బ్లేడు ముందే తగిలి మిగతావాటిని ఆపేస్తోంది. బోల్టులు వదులు చేసి ఫ్రేము వెనక షిమ్‌లు (పలుచని రేకు ముక్కలు) పెట్టి మూలలను లంబకోణానికి తేవాలి. డక్ట్ బిగించేటప్పుడు వేసిన స్క్రూల మొనలు లోపలికి పొడుచుకొచ్చి లింకేజీకి అడ్డం పడటం, ప్లాస్టరింగ్ నాటి సిమెంటు సీల్ మీద గట్టిపడి ఉండటం కూడా చూసుకోండి. సిమెంటును గీకితే సీల్ చినుగుతుంది. ఆ సీల్ మార్చేయడమే నయం.

ప్రశ్న: 1.08 చదరపు మీటర్ల డాంపర్‌కు 10 న్యూటన్ మీటర్ల యాక్చుయేటర్ చాలా? కాంట్రాక్టరు చాలంటున్నాడు.
– విజయవాడ

జవాబు: సీళ్లు లేని డాంపర్‌కు చాలు. సీళ్లు ఉన్న పారలల్ బ్లేడు (బ్లేడ్లన్నీ ఒకే వైపు తిరిగే) డాంపర్‌కు చదరపు మీటరుకు సుమారు 8.5 న్యూటన్ మీటర్లు, అపోజ్డ్ బ్లేడుకు (పక్కపక్క బ్లేడ్లు ఎదురెదురుగా తిరిగేదానికి) 6 అని వేసుకుంటాం (తయారీదారు అంకె ఇస్తే అదే వాడాలి). పారలల్ అయితే మీకు 9.2 వస్తుంది. 10తో కొత్తలో మూసుకుంటుంది. రెండేళ్లకు బేరింగుల్లో దుమ్ము చేరాక మూసుకోదు. 20 తీసుకోండి.

కరెంటు పోయినప్పుడు మామూలు యాక్చుయేటర్ ఉన్నచోటే ఆగిపోతుంది. డీజిల్ జనరేటర్ మీద ఏహెచ్‌యూలు నడవని భవనమైతే ఫ్రెష్ ఎయిర్ డాంపర్‌కు స్ప్రింగ్ రిటర్న్ రకమే పెట్టండి.

ప్రశ్న: పారలల్ బ్లేడా, అపోజ్డ్ బ్లేడా? దేనిలో లీకేజీ తక్కువ?
– కాకినాడ

జవాబు: లీకేజీకీ దీనికీ పెద్ద సంబంధం లేదు. సీళ్లు బాగుంటే రెండింటికీ క్లాస్ 1 వస్తుంది. తెరవడం, మూయడం మాత్రమే పనైతే పారలల్. డక్ట్‌లో గాలి పరిమాణాన్ని కొద్దికొద్దిగా తగ్గించాలంటే అపోజ్డ్.

ప్రశ్న: సముద్రానికి కిలోమీటరు దూరంలో ఉన్న హోటల్. మూడేళ్లలోనే డాంపర్లు బిగుసుకుపోయాయి. మా మెకానిక్ నెలనెలా ఆయిల్ వేస్తూనే ఉన్నాడు.
– విశాఖపట్నం

జవాబు: ఆ ఆయిలే సగం కారణం కావచ్చు. ఎక్కువ డాంపర్లలో బ్లేడు సీళ్లు ఈపీడీఎం రబ్బరు. పెట్రోలియం నూనె తగిలితే అది ఉబ్బి మెత్తబడుతుంది. పైగా నూనెకు దుమ్ము అంటుకుని బేరింగుల దగ్గర ముద్దకడుతుంది. నైలాన్, అసిటాల్ బేరింగులకు నూనె అక్కర్లేదు. ఆరు నెలలకోసారి బ్రష్‌తో దులిపి, సబ్బు నీటితో తుడిస్తే చాలు. తప్పనిసరైతే సిలికాన్ స్ప్రే వాడాలి. సీళ్లే సిలికాన్ రబ్బరువైతే అది కూడా వద్దు.

మిగతా సగం ఉప్పు గాలి. జీఐ ఫ్రేము, జింకు పూత షాఫ్ట్ అక్కడ నిలవవు. ఎక్స్‌ట్రూడెడ్ అల్యూమినియం ఎయిర్‌ఫాయిల్ బ్లేడ్లు, ఆనోడైజ్డ్ ఫ్రేము, 316 రకం స్టెయిన్‌లెస్ షాఫ్ట్, జాంబ్ సీళ్లు అడగండి. లింకేజీ గాలి దారిలో కాకుండా ఫ్రేము లోపల దాగి ఉండే నమూనా మంచిది. కొన్ని చోట్ల బ్లేడ్లు అల్యూమినియమే ఇచ్చి, లోపలి బోల్టులు మామూలు ఇనుపవి వేస్తారు. రెండు లోహాలు తగిలినచోట ముందు తినేసేది అక్కడే. సరుకు దిగగానే అయస్కాంతం పెట్టి చూడండి.

ప్రశ్న: టాయిలెట్ ఎగ్జాస్ట్‌కు మోటారు లేని గ్రావిటీ డాంపర్ (గాలి తోపుకు తెరుచుకుని, తన బరువుకు మూసుకునేది) సరిపోతుందా? కోడ్ ఏమంటుంది?
– హైదరాబాద్

జవాబు: ఈసీబీసీ 2017 (భవనాల్లో ఇంధన పొదుపు కోడ్) ప్రకారం వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే పరికరం) ఉన్న సప్లై, ఎగ్జాస్ట్ యంత్రాలకు ఫ్యాన్ ఆగగానే తనంతట తాను మూసుకునే డాంపర్ ఉండాలి. వ్యవస్థ డిజైన్ బయటి గాలి సెకనుకు 150 లీటర్ల లోపు, అంటే సుమారు 318 సీఎఫ్‌ఎం లోపు ఉంటే, చలి ప్రాంతాల్లో తప్ప గ్రావిటీ డాంపర్ పెట్టుకోవచ్చు. వంటగది హుడ్ ఎగ్జాస్ట్‌కు మినహాయింపు ఉంది. అక్కడ జిడ్డు పట్టి ఏ డాంపరైనా అతుక్కుపోతుంది కాబట్టి అది సబబే.

కోడ్ ఒప్పుకున్నా గ్రావిటీ డాంపర్ నుంచి ఎక్కువ ఆశించకండి. అమెరికా ఇంధన పొదుపు ప్రమాణం ఆష్రే 90.1 కూడా మోటారు లేనివాటికి 1 అంగుళం దగ్గర చదరపు అడుగుకు 20 సీఎఫ్‌ఎం వరకు ఒప్పుకుంటుంది, అంటే క్లాస్ 1కి ఐదు రెట్లు. షాఫ్ట్‌లో వేడి గాలి పైకి లాగుతుంటే ఫ్యాన్ ఆగాక కూడా బ్లేడ్లు సగం లేచే ఉంటాయి.

ప్రశ్న: స్మోక్ డాంపర్‌కు (అగ్నిప్రమాదంలో పొగను ఆపేది) కూడా లీకేజీ క్లాసులున్నాయి కదా. దాన్నే రోజూ తెరిచి మూసే డాంపర్‌గా వాడితే ఒక డాంపర్ ఖర్చు మిగలదా?
– బెంగళూరు

జవాబు: స్మోక్ డాంపర్ల అమెరికా పరీక్ష ప్రమాణం యూఎల్ 555ఎస్‌లోని క్లాస్ 1 లీకేజీ, 4 అంగుళాల దగ్గర చదరపు అడుగుకు 8 సీఎఫ్‌ఎం, ఆమ్కా క్లాస్ 1తో సరిగ్గా సమానమే. కానీ తయారీదారు రోజువారీ వాడకానికి, నియంత్రణకు సరిపోతుందని రాతపూర్వకంగా ఇచ్చి, ఫైర్ ఆదేశం మిగతా అన్నిటినీ తోసిరాజనేలా వైరింగ్ ఉంటే తప్ప ఆ పని చేయొద్దు. కరిగే లింకుతో ఉన్న కర్టెన్ రకం ఫైర్ డాంపర్ అయితే ప్రశ్నే లేదు. అది ఒక్కసారి పడటానికే చేసింది.

ప్రశ్న: మేం పనిచేసే భవనంలో చలికాలం ఏహెచ్‌యూ ఆగి ఉన్నప్పుడే హాట్ వాటర్ కాయిల్ గడ్డకట్టి పగిలింది. డాంపర్ మూసే ఉంది.
– మినియాపొలిస్, అమెరికా

జవాబు: అక్కడ లీకేజీ అంటే కరెంటు బిల్లు కాదు, పగిలిన కాయిల్. లీకైన చలి గాలి బరువు వల్ల కింద చేరి, కాయిల్ అడుగు గొట్టాలను ముందు గడ్డకట్టిస్తుంది. ఫ్రీజ్‌స్టాట్ (గడ్డకట్టే చలిని పసిగట్టే సాధనం) తీగను కాయిల్ పైభాగంలోనే చుట్టి ఉంటే దానికి ఈ సంగతి తెలియదు. కాయిల్ ముఖమంతా, ముఖ్యంగా కింది వరుసలు కలిసేలా చుట్టించండి. డాంపర్ మారుస్తున్నట్లయితే క్లాస్ 1ఏ, థర్మల్ బ్రేక్ (లోహం గుండా చలి దాటకుండా ఆపే భాగం) ఉన్న ఇన్సులేటెడ్ బ్లేడ్లు, సిలికాన్ సీళ్లు తీసుకోండి. వినైల్ సీళ్లు ఆ చలికి గట్టిపడి సందులు వదిలేస్తాయి. యాక్చుయేటర్ స్ప్రింగ్ రిటర్న్‌దై ఉండాలి, ఎన్ని డిగ్రీల చలి వరకు పనిచేస్తుందో నేమ్‌ప్లేట్ మీద చూసుకోవాలి. కాయిల్‌లో నీళ్లు తిరిగే పంపు మాత్రం ఏహెచ్‌యూ ఆగినా ఆగకుండా ఉండేలా కంట్రోల్ రాయించండి.