స్క్రీన్ మూసినా వదలని లిజనర్

ప్రశ్న: ఆర్డర్ వివరాలు మారగానే స్క్రీన్‌కి తెలిసేలా అబ్జర్వర్ ప్యాటర్న్ (ఒకచోట మార్పు జరిగితే, చేరిన లిజనర్లందరికీ కబురు పంపే డిజైన్ పద్ధతి) వాడాం. స్క్రీన్ మూసి మళ్లీ తెరిస్తే ఒక్క మార్పుకే రెండుసార్లు, మూడోసారి తెరిస్తే మూడుసార్లు అప్‌డేట్ నడుస్తోంది. మెమరీ కూడా పెరుగుతోంది. లోపం ప్యాటర్న్‌దేనా?

జవాబు: కాదు, మీరు దాన్ని పూర్తిగా రాయలేదు. అబ్జర్వర్‌లో చేరడం, కబురు అందుకోవడం, తప్పుకోవడం అని మూడు పనులున్నాయి. మొదటి రెండూ లేకపోతే ప్రోగ్రామ్ కదలదు కాబట్టి ఎవరూ మరిచిపోరు. మూడోది లేకపోయినా అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ సబ్జెక్ట్ (కబురు పంపే ఆబ్జెక్ట్, మీ దగ్గర ఆర్డర్) పెట్టుకున్న లిజనర్ల లిస్టులో పాత స్క్రీన్ అలాగే ఉండిపోతుంది. లిస్టు పట్టుకుని ఉన్నంతసేపూ, వాడని మెమరీని ఖాళీ చేసే గార్బేజ్ కలెక్టర్ దాన్ని ముట్టదు. మీ రెండు ఇబ్బందులకూ మూలం ఇదే.

తెరిచేచోట సబ్‌స్క్రయిబ్ రాస్తే మూసేచోట అన్‌సబ్‌స్క్రయిబ్ రాయండి. జావాస్క్రిప్ట్‌లో ఇంకో మెలిక ఉంది. లిజనర్‌ని చేర్చేటప్పుడు ఒకసారి, తీసేటప్పుడు మరోసారి ‘బైండ్’ (ఫంక్షన్‌ని ఒక ఆబ్జెక్ట్‌కి కట్టే పిలుపు) వాడితే ఆ లిజనర్ పోదు. బైండ్ ప్రతిసారీ కొత్త ఫంక్షన్ ఇస్తుంది. ‘రిమూవ్ ఈవెంట్ లిజనర్’ మాత్రం చేర్చిన ఫంక్షన్ కోసమే చూస్తుంది, దొరక్కపోతే ఎర్రర్ కూడా ఇవ్వకుండా ఊరుకుంటుంది. అందుకే కన్‌స్ట్రక్టర్‌లో ఒక్కసారి బైండ్ చేసి దాచుకుని, రెండుచోట్లా దాన్నే ఇవ్వండి.

ఇది సరిచేశాక జావాలో ‘కాంకరెంట్ మాడిఫికేషన్ ఎక్సెప్షన్’ అనే ఎర్రర్ ఎదురుకావచ్చు. కబురు అందిన లిజనర్ అక్కడికక్కడే తప్పుకుంటే, లూప్ తిరుగుతున్న లిస్టే మారిపోతుంది. లిస్టుకి కాపీ తీసి, దాని మీద లూప్ నడపండి. అప్పుడు కూడా మధ్యలో మూతపడిన స్క్రీన్‌కి ఆఖరి కబురొకటి చేరవచ్చు. ‘మూసేశాం’ అనే ఫ్లాగ్ పెట్టి అప్‌డేట్ మొదట్లోనే చూసుకోండి.

లిస్టులో వీక్ రిఫరెన్స్ (గార్బేజ్ కలెక్టర్‌ని ఆపని పట్టు) పెడితే సరిపోతుందని కొందరంటారు. నేను ఒప్పుకోను. కలెక్టర్ వచ్చేదాకా పాత స్క్రీన్ కబుర్లు అందుకుంటూనే ఉంటుంది. పైగా వేరెవరూ పట్టుకోని లిజనర్ అయితే అవసరం ఉండగానే మాయమవుతుంది.

ప్రశ్న: స్ట్రాటజీ, స్టేట్ ప్యాటర్న్‌లు రెండింటి క్లాస్ డయాగ్రమ్ (క్లాసుల మధ్య సంబంధాలను గీతలతో చూపే బొమ్మ) ఒకేలా ఉంది. పేర్లు రెండెందుకు?

జవాబు: గీతలు వదిలేసి, మార్చేది ఎవరో చూడండి. సార్టింగ్ పద్ధతిని బయటి కోడ్ ఎంచి ఇస్తే అది స్ట్రాటజీ. ఒక పద్ధతికి ఇంకో పద్ధతి ఉన్నట్టే తెలియనక్కర్లేదు. ‘డబ్బు రావాలి’ అన్న దశలోని ఆర్డర్ డబ్బు అందగానే తనంతట తాను ‘పంపాలి’ దశకి మారితే అది స్టేట్. అక్కడ ఏ దశ తర్వాత ఏది వస్తుందో లోపలి కోడ్‌కి తెలిసుండాలి.