నకలు కతానా పిడికి తాడు మళ్ళీ చుట్టాలంటే ముందు లోపలి చెక్క చూడండి

మీ నకలు కతానా (జపాన్ పొడవాటి కత్తి) పిడి మీద తాడు వదులై జారుతోందనీ, పట్టు తాడు తెప్పించి మీరే చుట్టుకోవచ్చా, లేక కింద జిగురు పూస్తే సరిపోతుందా అనీ అడిగారు. చుట్టుకోవచ్చు. జిగురు మాత్రం వద్దు. అయితే తాడు ఆర్డర్ పెట్టే ముందు పిడి విప్పి లోపలి చెక్క చూడండి. నేను ఇయాయిదో, అంటే ఒర లోంచి కత్తి దూసే జపాన్ విద్య, నేర్చుకుంటూ నా సాధన కత్తికీ, తర్వాత క్లాసులో తోటివాళ్ళ కత్తులకీ పిడులు చుట్టాను. వదులైందని నా చేతికొచ్చిన వాటిలో ఎక్కువ వాటికి అసలు జబ్బు చెక్కలోనే ఉంది.

విప్పడం తేలికే. పిడికి అడ్డంగా ఒక వెదురు మేకు ఉంటుంది, దాన్ని మెకుగి అంటారు. అది ఒకవైపు సన్నగా ఉంటుంది. సన్నని వైపు నుంచి ఇత్తడి కడ్డీ ఆనించి మెల్లగా కొడితే ఊడి వస్తుంది. పిడిలోకి వెళ్ళే కత్తి భాగం నకాగో. అది వెడల్పుగా, కత్తితో ఒకే ముక్కగా ఉంటే పని మొదలుపెట్టండి. సన్నని కడ్డీ ఏదో వెల్డింగ్ చేసి, చివర నట్టు బిగించి ఉంటే మాత్రం ఎంత అందంగా చుట్టినా అది గోడకే పరిమితం. దయచేసి దాన్ని గాలిలో ఊపకండి. వెల్డింగ్ తెగితే కత్తి ఎగిరిపోయి ఎదుటివాళ్ళకు తగులుతుంది.

జపాన్‌లో పిడి చెక్కకు హోనోకి అనే చెట్టును వాడతారు. మన సంపంగి ప్రజాతికి చెందినదే. మెత్తగా, ఒకే తీరు పోగుతో ఉంటుంది, జిగట తక్కువ, ఇనుముకు హాని చేయదు. నేనుండే డల్లాస్‌లో అది దొరక్క పాప్లర్ చెక్క వాడాను, బాగానే నిలిచింది. చెక్కను నిలువునా రెండు బద్దలు చేసి, నకాగో ఆకారానికి లోపల తొలిచి, మళ్ళీ అతికించాలి. అతకడానికి వాళ్ళు వాడేది అన్నం ముద్దను మెదిపి చేసిన జిగురు. చిన్నప్పుడు గాలిపటాలకు మెతుకులు రాసి అంటించుకున్నామే, అలాంటిదే. అవసరమైతే చెక్క పాడవకుండా మళ్ళీ విడదీయొచ్చు కాబట్టి నాకు ఆ పద్ధతే ఇష్టం.

తొలవడం దగ్గర తొందర పనికిరాదు. నకాగోకు పల్చగా సిరా రాసి చెక్కలో పెట్టి తీయండి. నల్లగా అంటిన చోటే కొంచెం గీకండి. మళ్ళీ రాయండి, మళ్ళీ పెట్టండి. మేకు లేకుండానే కత్తి పిడిలో గట్టిగా నిలబడాలి, ఊపితే చప్పుడు రాకూడదు. చవక నకళ్ళలో ఇక్కడే ఖాళీ ఉంటుంది. కత్తి లోపల కదిలిన ప్రతిసారీ దెబ్బంతా మేకు మీద పడుతుంది. మేకుకు ఎండిన గట్టి వెదురే వాడండి. దాని పోగులు నలుగుతాయి గానీ ఒక్కసారిగా విరగవు.

చెక్క మీద తిరండి చేప (స్టింగ్‌రే) చర్మం, అంటే సామేగావా వస్తుంది. జపాన్‌లో ఎదో యుగంలో (1603–1868) ఇది ఆగ్నేయాసియా నుంచి ఓడల్లో నాగసాకికి దిగేది. నీళ్ళలో నానబెడితే మెత్తబడుతుంది, చెక్కకు బిగించి కట్టి ఆరనిస్తే రాయిలా గట్టిపడుతుంది. దాని గరుకు గింజలే తాడును జారకుండా పట్టుకుంటాయి. మీ పిడి మీద ప్లాస్టిక్ నకలు చర్మం ఉంటే, తాడు జారడానికి అది కూడా ఒక కారణం కావచ్చు. చర్మం మందం, తాడు మందం రెండూ కలిశాక పిడి అంచున ఉండే లోహపు పట్టీతో, అంటే ఫుచితో, సమంగా రావాలి. అందుకే చెక్కను ముందే ఆ మేరకు సన్నం చేసుకోవాలి. ఇది మర్చిపోతే తర్వాత సరిచేయడం చాలా కష్టం.

ఇక తాడు. కతానా పిడి సుమారు 25 సెంటీమీటర్లు ఉంటే నాలుగు మీటర్లు పడుతుంది, ఐదు కొనుక్కోండి. సాధన చేసేవాళ్ళకు నూలు తాడు మంచిదని నా అభిప్రాయం, చెమట పట్టినా పట్టు తప్పదు. తాడు నడిమధ్యను ఫుచి దగ్గర పెట్టి, రెండు కొసలతో ముందు ఒకవైపు దాటు, అంటే ఒకదాని మీదుగా ఇంకొకటి పోయే అడ్డం, వేయాలి, తర్వాత పిడి తిప్పి రెండోవైపు వేయాలి. హినేరిమాకి పద్ధతిలో ప్రతి దాటు దగ్గరా రెండు పోగులనూ మెలి తిప్పుతారు. మొదటి దాటులో ఎడమ పోగు పైన ఉంటే, దాని తర్వాతి దాటులో కుడిది పైకి రావాలి. అన్నీ ఒకేలా వేస్తే చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ వాడకంలో వదులైపోతుంది.

చాలామంది వదిలేసేది హిషిగామి. మడిచిన చిన్న కాగితపు త్రికోణాలు అవి. దాటుకు రెండు పక్కలా తాడు కింద దూర్చాలి. పైకి కనబడే వజ్రాకారాలు సమంగా రావడం వీటి వల్లే, తాడు బిగి నిలిచేదీ వీటి వల్లే. ముందే కూర్చుని అన్నీ ఒకే కొలతకు మడిచి పెట్టుకోండి, విసుగనిపించినా సరే. పని మధ్యలో చెయ్యి ఆపాల్సి వస్తే దాటు దగ్గర క్లిప్పు పెట్టండి, లేకపోతే అప్పటిదాకా లాగిన బిగి పోతుంది. మెనుకి అనే చిన్న లోహపు బొమ్మలు రెండువైపులా ఎదురెదురుగా కాకుండా కొంచెం ముందూ వెనకగా వస్తాయి, తాడు అక్కడికి చేరినప్పుడే పెట్టాలి.

చివర తాడు కొసలను కషిరా అనే మూతకున్న రంధ్రాల్లోంచి తీసి, రెండువైపులా ముడి వేసి, మిగిలిన కొసను తాడు కిందికి లాగి కోస్తారు. జిగురు ఎందుకు వద్దన్నానంటే, రేపు చెక్క బాగుచేయాలన్నా, చెమటకు పాడైన తాడు మార్చాలన్నా చర్మం కూడా చిరిగి ఊడి వస్తుంది. బిగి, కాగితాలు, గరుకు చర్మం సరిగ్గా ఉంటే దాని అవసరమే రాదు.

నకాగో ఫొటో, పిడి పొడవు ఇక్కడ పెట్టండి. 8 మిల్లీమీటర్ల తాడు కొనాలో 10 కొనాలో చూసి చెబుతాను.