కొత్త ఇంట్లోకి వచ్చాక కళ్లమంట, దగ్గు... ఎందుకు?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో కొత్త ఫ్లాట్‌లో దిగి మూడు నెలలైంది. అప్పట్నుంచీ నాకు పొద్దున్నే తలనొప్పి, కళ్లమంట. ఎనిమిదేళ్ల మా బాబుకు ముక్కు కారడం, రాత్రిళ్లు పొడిదగ్గు. పండక్కి అనంతపురం వెళ్లిన వారం రోజులూ ఇద్దరం బాగున్నాం. ఎయిర్ ప్యూరిఫయర్ కొంటే తగ్గుతుందా డాక్టర్ గారూ?
- ఒక పాఠకురాలు

జవాబు: అనంతపురంలో తగ్గిందన్నారు చూడండి, అదే ముఖ్యమైన విషయం. ఊరెళితే తగ్గి, తిరిగొస్తే మొదలయ్యే బాధకు కారణం చాలాసార్లు ఇంట్లోనే ఉంటుంది. నా అనుమానం ముందు కొత్త వుడ్‌వర్క్ మీదే. ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసే) బోర్డుల జిగురులోంచి ఫార్మాల్డిహైడ్ అనే వాయువు నెలల తరబడి కొద్దికొద్దిగా వస్తూనే ఉంటుంది. వేడి, తేమ పెరిగితే ఇంకా ఎక్కువ వస్తుంది. కళ్లు, ముక్కు, గొంతు మంట పుట్టించే గుణం దానిది. ఘనపు మీటరు గాలిలో 30 నిమిషాల సగటు 0.1 మిల్లీగ్రాము దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ప్యూరిఫయర్‌కి ఇప్పుడే డబ్బు పెట్టకండి. హెపా ఫిల్టర్ దుమ్మును, పుప్పొడిని పడుతుంది. ఈ వాయువును ఆపలేదు. కిటికీలు తెరవడమే అసలు మందు. ఎదురెదురు కిటికీలు తెరిచి, కప్‌బోర్డుల తలుపులు కూడా తీసిపెట్టండి. ఇల్లు మెయిన్ రోడ్డు మీదుంటే ట్రాఫిక్ లేని తెల్లవారుజామున తెరవండి. లామినేట్ వేయని బోర్డు అంచులుంటే కార్పెంటర్‌తో మూయించండి, వాయువు అక్కడినుంచే ఎక్కువ వస్తుంది. కొత్త కప్‌బోర్డులున్న గదిలో బాబును కొన్నాళ్లు పడుకోబెట్టకండి.

పొద్దుటి తలనొప్పికి మూసిన బెడ్‌రూమ్ కూడా కారణం కావచ్చు. స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే తిప్పుతుంది, బయటి గాలిని తేదు. బెంగళూరులో చాలా రాత్రులు ఏసీ అవసరమే ఉండదు. దోమల భయముంటే కిటికీలకు మెష్ వేయించండి. కాయిల్ మాత్రం వద్దు, మూసిన గదిలో ఆ పొగ పిల్లల ఊపిరితిత్తులకు చాలా చేటు.

బాబు దగ్గును మాత్రం ఇంటి మీదకే తోసేసి ఊరుకోకండి. ఆస్తమా మొదలవుతోందేమో పిల్లల డాక్టర్‌కు చూపించండి. గొట్టంలోకి గట్టిగా ఊదించి ఊపిరితిత్తుల పనితీరు చూసే స్పైరోమెట్రీ పరీక్షను ఎనిమిదేళ్ల పిల్లలు చేయించుకోగలరు. ఇన్‌హేలర్ రాస్తే అలవాటైపోతుందని భయపడి మానకండి, అది అలవాటయ్యే మందు కాదు. ఆయాసంతో డొక్కలు ఎగరేస్తున్నా, మాట పూర్తి చేయలేకపోతున్నా అర్ధరాత్రయినా సరే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.