కొమ్ము సంగతి తర్వాత, ముందు ఉక్కు

చి. మేనల్లుడికి మామయ్య దీవెనలు.

ఫోన్లో చెబితే 'సరే మామయ్యా' అంటావు, తర్వాత యూట్యూబ్‌లో ఎవడో చూపించిందే చేస్తావు. అందుకే కాగితం మీద పెడుతున్నా. కొలిమి దగ్గర గోడకు అతికించుకో.

సుత్తి కొనలేదు, కొలిమి రాజేయలేదు, అప్పుడే దుప్పి కొమ్ములు కొనుక్కొచ్చి ఏ ముక్క కత్తి పిడికి బాగుంటుందని అడుగుతున్నావు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! ఆ కొమ్ములను నీడపట్టున ఓ మూల పడేయ్, వాటి మానాన అవి ఎండుతాయి. పిడి ఆఖరి పని. ఉక్కు కుదరని కత్తికి ఎంత అందమైన కొమ్ము వేసినా గోడకు తగిలించుకోవడానికే పనికొస్తుంది.

లారీ కమాన్ పట్టీ ఒకటి దొరికిందన్నావు. మా నాన్న కొలిమిలో కొడవళ్లు, గొడ్డళ్లు ఆ పట్టీలతోనే తయారయ్యేవి. రైల్వే వర్క్‌షాప్‌లో చేరకముందు నేనూ వాటి మీదే చెయ్యి తిప్పుకున్నా. అయినా నీకు వద్దనే చెబుతాను. ఏళ్లతరబడి బరువు మోసి మోసి అలసిన పట్టీలో కంటికి కనపడని చీలికలుంటాయి. రోజంతా కొట్టి, తీరా నూనెలో ముంచాక టిక్కుమంటుంది, అంతే, కష్టమంతా నూనె పాలు. మీ టెక్సాస్‌లో 1084 అనే రకం ఉక్కు పట్టీ కొత్తది అమ్ముతారు. నూటికి 0.8 నుంచి 0.9 పాళ్ల దాకా కర్బనం, కొంచెం మాంగనీసు, అంతకుమించి పెద్ద మిశ్రమాలేమీ ఉండవు. వేడి కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుపోయే ఉక్కు. అయిదు మిల్లీమీటర్ల మందంది తెచ్చుకో.

అలుగు మీద అలల్లాంటి గీతలుండే డమాస్కస్ కత్తి చేస్తానంటున్నావు. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో కరిగించి ఉక్కు ముద్దలు తీసేవారు. పర్షియా వర్తకులు అక్కడికే వచ్చి కొనుక్కుపోయేవారు. ఆ గీతలు ముద్ద చల్లారేటప్పుడు లోపలే పుట్టేవి. ఇప్పుడు ఆ పేరుతో అమ్మేది రెండు రకాల ఉక్కులు పొరలు పొరలుగా అతికి, మడిచి కొట్టినది. అదీ మంచి విద్యే, కాదనను. కానీ ఒక పట్టీని తిన్నగా సాగగొట్టడం రాని చేతికి పొరల పని దేనికి?

ఇక కొట్టడం. మోదుగుపువ్వు రంగుకు వచ్చాక దాగలి మీదికి తియ్యి. రంగు చచ్చి మసక ఎరుపుకు రాగానే మళ్లీ కొలిమిలో పెట్టేయ్. చల్లబడ్డ ఉక్కు మీద సుత్తి వేస్తే చీలికలు నువ్వే చేతులారా పెట్టినవాడివవుతావు. తెల్లబడి నిప్పురవ్వలు చిమ్మితే ఆ మేర కాలిపోయినట్టే, కోసి పారేయ్. ఇంకో సంగతి నీకు ఎవరూ చెప్పి ఉండరు. వాదర వైపు, అంటే కోసే అంచు వైపు, పలచన చేస్తుంటే అటు ఇనుము సాగి, కత్తి మొన వెన్ను వైపుకు లేస్తుంది. అందుకని ముందే పట్టీని వాదర వైపుకు కొద్దిగా వంచి పెట్టుకుంటే, కొట్టడం పూర్తయ్యేసరికి అదే తిన్నగా వస్తుంది.

పిడిలోకి దిగే తోక, అలుగు కలిసే చోటు చూడు. అక్కడ మూల పలకగా కోశావంటే కత్తి ఎప్పటికైనా అక్కడే విరుగుతుంది. గుండ్రటి ఆకురాయితో ఆ మూలను గుండ్రంగా తీర్చు. నా దగ్గరికి బాగుకు వచ్చిన విరిగిన కత్తుల్లో ఎక్కువ ఆ మూల దగ్గర పోయినవే.

ఇప్పుడు అసలు పని, పదును పెట్టడం, అంటే సానపట్టడం కాదు, కాల్చి నూనెలో ముంచి ఉక్కును గట్టిపరచడం. ఇది పట్టపగలు చెయ్యకు. సందె చీకట్లో అయితేనే రంగు కంటికి నిజం చెబుతుంది. ముందు మూడుసార్లు ఎర్రగా కాల్చి గాలికి చల్లారనివ్వు. సుత్తి దెబ్బలకు లోపల పడ్డ బిగువు వదులుతుంది. తర్వాత కాలుస్తూ మధ్య మధ్య అయస్కాంతానికి తాకించు. సుమారు 770 డిగ్రీల దగ్గర అంటుకోవడం మానేస్తుంది. ఆ పైన ఇంకో ఛాయ మాత్రం ఎక్కనిచ్చి, ఆలస్యం చేయకుండా మొనతో సహా నిలువుగా నూనెలో దించు. పక్కలకు ఊపావో, వంకర తిరుగుతుంది. నీళ్లలో ముంచకు. మీ వంటింటి కనోలా నూనె చాలు, ముందు 50, 60 డిగ్రీలకు వెచ్చబెట్టుకో, చల్లటి నూనె చిక్కగా ఉండి వేడిని త్వరగా లాగదు. ఇనుప పాత్ర వాడు. మూత అందుబాటులో ఉంచుకో, మంట లేస్తే కప్పేయడానికి. ముంచే ముందు వాదర మరీ పలచగా ఉండకూడదు, ఒక మిల్లీమీటరుకు తగ్గకుండా మందం వదులు.

బయటికి తీశాక ఆకురాయితో గీసి చూడు. పట్టు దొరక్క జారిపోతే ఉక్కు గట్టిపడినట్టు. ఆ స్థితిలో చెయ్యి జారి గచ్చు మీద పడినా ముక్కలవుతుంది కాబట్టి వెంటనే, రేపటికి వాయిదా వేయకుండా, ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచు. చల్లార్చి మళ్లీ రెండు గంటలు. మెరుగుపెట్టిన చోట వరిగడ్డి రంగు కనిపించాలి. నీలం తిరిగితే మెత్తబడిపోయిందన్నమాట. ఓవెన్ మీద అంకెను నమ్మకు, లోపల వేరే థర్మామీటరు పెట్టు. నూనె కాలిన వాసన ఇల్లంతా పట్టకుండా ముందు కత్తిని సబ్బుతో కడుగు, లేకపోతే అమ్మాయితో మాటలు పడేది నువ్వే. ఆ తర్వాత సానపట్టేటప్పుడు గ్లవ్స్ లేకుండా పట్టుకో, వేలికి చుర్రుమంటే కత్తిని నీళ్లలో ముంచు.

నేరుగా కత్తి మీద ప్రయోగం చేయకు. అదే పట్టీలోంచి రెండు చిన్న ముక్కలు కోసి గట్టిపరచు. ఓవెన్ దాకా పోకుండా గుడ్డలో చుట్టి, వైస్‌లో బిగించి విరిచి చూడు. విరిగిన చోట సన్నగా, బూడిద రంగుగా ఉంటే నీ వేడి సరిగ్గా ఉంది. పలుకులు పలుకులుగా మెరిస్తే ఎక్కువైంది.

గ్యారేజీలో ప్రొపేన్ కొలిమి అన్నావు. తలుపు పూర్తిగా ఎత్తి ఉంచు, కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టు. ఆ విషవాయువుకు వాసన ఉండదు. నూలు బట్టలే వేసుకో, కళ్లద్దాలు మరవకు.

ఇప్పటికి కొమ్ముల దగ్గరికి వచ్చాం. నువ్వు కొన్నవి యాక్సిస్ అన్నావు, అంటే అవి మన చుక్కల దుప్పులే. 1932లో వాటిని టెక్సాస్‌కు తీసుకెళ్లారు, ఇప్పుడు అక్కడి హిల్ కంట్రీ కొండల్లో మందలు మందలుగా తిరుగుతున్నాయి. ఎల్క్ అనే అక్కడి పెద్ద జింక కొమ్ము చూడ్డానికి లావు, లోపల మాత్రం స్పాంజిలాంటి గుజ్జే ఎక్కువ. దుప్పిది గట్టి కొమ్ము, నీ ఎంపికకు వంక పెట్టను. ఎద్దు కొమ్ములా ఇది బోలుగా ఉండదు, ఏటేటా రాలి మళ్లీ మొలిచే ఎముక. అందుకే కోసినా రాకినా వెంట్రుక కాలిన కంపు కొడుతుంది. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, మంచి మాస్కు పెట్టుకుని ఆరుబయట చెయ్యి.

మొదలు దగ్గరి తిన్నని ముక్క ఎంచుకో. వరసగా సన్నటి రంధ్రాలు వేసి, మధ్య గోడలను సన్న ఆకురాయితో తీసేసి, తోక పట్టేంత గాడి చెయ్యి. మా కాలంలో కట్టె పిడికైతే తోకను ఎర్రగా కాల్చి దించేవాళ్లం, లక్కలో ఇటుక పొడి కలిపి బిగించేవాళ్లం. కొమ్ములో కాల్చిన తోక దించితే పగులుతుంది, ఆ పని చెయ్యకు. గుజ్జు మెత్తగా ఉంటే ముందు పలచటి సూపర్ గ్లూ తాగించి ఎండనివ్వు. అలుగుకు, కొమ్ముకు మధ్య ఇత్తడి పలక పెట్టు. దాని గాడి చిన్నగా మొదలుపెట్టి, తోక బిగుతుగా ఎక్కేదాకా కొద్దికొద్దిగా రాకు. ఓపిక లేనివాడి పనితనం ఎంతో ఆ సందు చూస్తేనే తెలిసిపోతుంది. తోకను గరుకు చేసి, ఎసిటోన్‌తో తుడిచి, ఎపాక్సీ జిగురు పోసి ఒక రోజంతా కదపకుండా వదిలేయ్. అడ్డంగా ఒక ఇత్తడి మేకు కూడా దిగ్గొట్టు, జిగురు ఒక్కదాన్నే నమ్మను. కొమ్ము మీది గోధుమరంగు గరుకును రాకి నున్నగా చేయకు, చేతికి పట్టు అదే. డిష్‌వాషర్‌లో మాత్రం ఎన్నడూ వేయొద్దని ఇంట్లో అందరికీ చెప్పు.

వచ్చే సంక్రాంతికి వస్తూ నాకోసం ఒక కత్తి తెస్తానన్నావు. సంతోషం, కానీ దుప్పి కొమ్ము పిడితో తేవద్దు. 1972 వన్యప్రాణి చట్టం కింద ఇక్కడ దుప్పి కొమ్ము ప్రభుత్వం సొత్తు. అడవిలో తనంతట తాను రాలిపడింది ఏరుకొచ్చినా కేసే. టెక్సాస్‌లో కొన్న రసీదు చూపించి ఎయిర్‌పోర్టులో వాదించే ఓపిక నీకుందేమో, వచ్చి విడిపించే ఓపిక నాకు లేదు. మీ దగ్గర మెస్కిట్ కట్టె ఉంటుంది కదా, మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టమే, గట్టి కట్టె. దానితో పిడి వేసి, చెకిన్ సామానులో పెట్టి తీసుకురా. వాదర నేనే పెట్టుకుంటాలే.

మీ మామయ్య