మామిడి ముక్కలను కొబ్బరినూనెలో నానబెడితే పులిసిన కంపు ఎందుకు వచ్చిందంటే

మామిడి పరిమళం కోసం ముక్కలను నూనెలో నానబెడితే పులిసిన కంపు వచ్చిందని అడిగారు కదా, తప్పు మీ నూనెది కాదు, పండుది. మామిడి గుజ్జులో నూటికి 80 పాళ్లకు పైగా నీరే. ఆ నీరే నూనెను పాడుచేసింది. పైగా గుజ్జులోని పరిమళం చాలా స్వల్పం, ఇట్టే ఎగిరిపోతుంది. స్ట్రాబెరీ, పీచ్‌లదీ ఇదే కథ. వాటి పేరుతో అమ్మే నూనెలు దాదాపు అన్నీ కృత్రిమమే.

పండ్ల వాసనను పూలలో, ఆకులలో, తొక్కలలో వెతకండి:

1. దవనం నూనె: మాలల్లో మరువంతో పాటు కట్టే దవనమే. ఎండు ఆప్రికాట్, జామ్ వాసన.
2. ఆస్మాంతస్ పూల అబ్సల్యూట్ (ద్రావకంతో తీసిన గాఢ సారం): పీచ్, ఆప్రికాట్. ఖరీదు ఎక్కువ.
3. రోమన్ కామోమైల్ నూనె (మన మాలల చామంతి కాదు): ఆపిల్.
4. నారింజ తొక్క నూనె: చవక, కానీ త్వరగా ఆరిపోతుంది.

చాలామంది వదిలేసే మెట్టు పలుచన చేయడం. దవనం సీసా మూత తీసి నేరుగా వాసన చూస్తే ఘాటైన కషాయంలా ఉంటుంది. నేను మొదటి సీసాను అలాగే మూలన పడేశాను! 1 చుక్కకు 99 చుక్కల పెర్ఫ్యూమరీ ఆల్కహాల్ (అత్తర్ల తయారీకి వాడే ఆల్కహాల్) కలిపి, ఒక రోజు ఆగండి. కాగితపు ముక్కను ముంచి వెంటనే ఒకసారి, పది నిమిషాలకు ఒకసారి, గంటకు మరోసారి వాసన చూడండి. పండు అప్పుడు బయటపడుతుంది.

మీకు కావలసిన మామిడి ఛాయకు: పలుచన చేసిన దవనం, నారింజ, వాటికి బ్లాక్‌కరెంట్ మొగ్గల అబ్సల్యూట్ లేశమాత్రం. ఇది ఎక్కువైతే పిల్లి మూత్రపు వాసనే మిగులుతుంది.

నారింజకు బదులు, తొక్కను నొక్కి పిండి తీసిన నిమ్మనూనె వాడవద్దు. ఒంటికి రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కమిలిపోవచ్చు.