విహారయాత్ర నుంచి వచ్చాక ఇంట్లో మాటల్లేవు

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌గా పనిచేస్తున్నాను. మా వారిది ప్రైవేటు ఉద్యోగం. తొమ్మిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు ఉన్నారు. క్రిస్మస్ సెలవుల్లో అత్తమామలతో కలిసి ఆరుగురం గోవా వెళ్లాం. మనిషికి 700 రూపాయలు తగ్గుతుందని మా వారు తెల్లవారుజామున ఐదు గంటల విమానానికి టికెట్లు తీశారు. కార్డు ఆఫర్ల కోసం రెండు విడి బుకింగులు చేయడంతో పిల్లలిద్దరూ మాకు దూరంగా కూర్చోవాల్సి వచ్చింది. శంషాబాద్‌లో సామాను తొమ్మిది కిలోలు ఎక్కువ తూగి దాదాపు 5 వేలు కట్టాం. అప్పుడు అందరి ముందూ ఆయన నా మీద అరిచారు. మేం దిగింది ఉత్తర గోవాలోని మోపా విమానాశ్రయంలో, గది తీసుకున్నది దక్షిణ గోవాలోని కోల్వాలో. తక్కువకు వస్తుందని ఒక వ్యక్తి దగ్గర తీసుకున్న కారును పోలీసులు ఆపి, తెల్ల నంబరు ప్లేటు బండిని అద్దెకు ఎలా తీసుకున్నారని అడిగారు. తిరిగి ఇచ్చేటప్పుడు డోరు మీద గీత పడిందని అతను 5 వేల డిపాజిట్ ఉంచేసుకున్నాడు. "డబ్బులిచ్చి పాట్లు కొనుక్కున్నట్టుంది" అన్నారు మా మామగారు. ఇంట్లో మా వారు ఎన్నడూ గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు, కానీ వచ్చినప్పటి నుంచి ముభావంగా ఉంటున్నారు. ఇప్పుడు మే నెలలో కొచ్చి, మున్నార్ వెళ్దామంటున్నారు. "అక్కడ కూడా నాన్న అరుస్తారా?" అని పాప అడుగుతోంది. ఆయనది పిసినారితనమా, నాది నిర్లక్ష్యమా? అసలు వెళ్లడమే మానేయాలా?

జవాబు: మీరు చివర్లో రాసిన పాప మాటను ముందుగా తీసుకుంటాను, ఎందుకంటే మిగిలిన విషయాలు కొంత ఆలస్యమైనా ఫరవాలేదు గానీ ఇది ఆగకూడదు. తొమ్మిదేళ్ల పిల్లకు కిలోల లెక్కా ఛార్జీల లెక్కా తెలియవు. తాను ఎంతో ఎదురుచూసిన ప్రయాణంలో నాన్న అమ్మను పదిమందిలో కోప్పడ్డారన్నది మాత్రమే ఆమెకు గుర్తుంది. ఈ మాట మీ వారికి చేరాలి. అయితే అత్తమామలు వినేలా కాకుండా, మరో వాదన మధ్యలో కాకుండా, ఇద్దరే ఉన్నప్పుడు, పాప అన్నది అన్నట్టుగా చెప్పండి. "చూశారా, మీ వల్లే" అని ఒక్క ముక్క చేర్చినా ఆయన చెవికి పాప ప్రశ్న వినబడదు, మీ నింద ఒక్కటే వినబడుతుంది. ఆ తర్వాత ఆయనే పాపను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ రోజు అమ్మ మీద అలా అరవడం తప్పని, ఈసారి అలా జరగదని చెప్పాలి. తండ్రి నోట ఆ మాట విన్న పిల్ల త్వరగా కుదుటపడుతుంది.

ఇక పిసినారితనమా, నిర్లక్ష్యమా అన్న ప్రశ్నకు వస్తే, మీరు రాసిన వివరాల్లో నాకు ఆ రెండూ కనిపించలేదు. టికెట్ల మీద ఆయన మిగిల్చింది ఆరుగురికి 4,200 రూపాయలు. సామానుకు కట్టింది, డిపాజిట్‌లో పోయింది కలిపితే దాదాపు 10 వేలు. ఈ లెక్క చెప్పి ఆయనను తప్పుపట్టమని నేను అనడం లేదు. లెక్కకు రాని ఖర్చు కూడా ఒకటి ఉంది, మీ ఇంట్లో గొడవకు మూలం అదే. ఐదు గంటల విమానం ఎక్కాలంటే రెండు గంటలకల్లా ఇల్లు దాటాలి, అంటే ఆ వయసులో మీ అత్తమామలకు ఆ రాత్రి నిద్ర లేనట్టే. నాలుగేళ్ల బాబు కొత్తవాళ్ల పక్కన కూర్చున్నాడు. కౌంటర్ ముందు నేల మీద సూట్‌కేసు తెరిచి, అత్తగారు కట్టిన సున్నుండల డబ్బా తీయాలో పిల్లల బట్టలు తీయాలో తెలియక నిలబడింది మీరు. పొదుపు చేద్దామన్న నిర్ణయం ఒకరిది, దాని బరువు మోసినది మిగిలిన ఐదుగురు, ఆ ఐదుగురిలో ఎవరినీ ముందుగా అడగలేదు. మీ ప్రయాణంలో జరిగిన ప్రతి ఇబ్బంది వెనుకా నాకు ఇదే కనిపిస్తోంది.

అదే సమయంలో మీ వారి వైపు నుంచి కూడా చూడండి. ఆరుగురిని విమానంలో తీసుకెళ్లాలన్న కోరికతోనే ఆయన రాత్రిళ్లు కూర్చుని ధరలు పోల్చి చూసి ఉంటారు. ఆ శ్రమ ఎవరి కంటా పడలేదు, పొరపాట్లు మాత్రం అందరి కంటా పడ్డాయి. "డబ్బులిచ్చి పాట్లు కొనుక్కున్నట్టుంది" అన్న మాట తండ్రి నోట విన్న కొడుకు పైకి ఏమీ అనకపోయినా లోపల ముడుచుకుపోతాడు. ఆయన ముభావంలో కోపం కంటే చిన్నబోయిన బాధే ఎక్కువ ఉండవచ్చు. "మమ్మల్ని తీసుకెళ్లడానికి మీరు ఎంత తంటాలు పడ్డారో నాకు తెలుసు" అని మీరు ఒక్కసారి అనగలిగితే, మున్నార్ గురించి ఇద్దరూ కలిసి మాట్లాడుకోవడం తేలికవుతుంది.

ఆ మాటల్లో మొదట తేల్చుకోవాల్సింది, టికెట్ ధర అంటే తెర మీద కనిపించే అంకె కాదన్న సంగతి. మన దేశంలో చౌక విమానాల్లో సాధారణంగా మనిషికి 15 కిలోల లగేజీ, చేతి సంచికి 7 కిలోలు అనుమతిస్తారు. అంతకు మించితే ముందుగా ఆన్‌లైన్‌లో కట్టే ధర ఒకటి, కౌంటర్ దగ్గర కట్టే ధర మరొకటి, రెండోది ఎప్పుడూ ఎక్కువే. కాబట్టి టికెట్ ధరకు సామాను, సీట్లు, ఇంటి నుంచి విమానాశ్రయానికి, దిగిన చోటు నుంచి గదికి అయ్యే ఖర్చు కలిపి ఒకే కాగితం మీద వేయండి. గోవాలో మీకు జరిగింది సరిగ్గా ఈ కాగితం లేకనే. అక్కడ రెండు విమానాశ్రయాలున్నాయి. పాతదైన డబోలిం వాస్కో దగ్గర ఉంది, కోల్వాకు అదే దగ్గర. 2023 జనవరి నుంచి నడుస్తున్న మోపా ఉత్తరాన మహారాష్ట్ర సరిహద్దు వైపు ఉంది, అక్కడి నుంచి కోల్వాకు దాదాపు రెండు గంటల దారి. టికెట్‌లో తగ్గిన డబ్బు ఆ దారిలోనే ఖర్చయింది. పైగా అర్ధరాత్రి లేచిన మనిషే ఆ రెండు గంటలూ తెలియని రోడ్డు మీద కారు నడపాల్సి వచ్చింది.

ఈసారి ఆరుగురికీ ఒకే పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు) మీద టికెట్లు తీసుకోండి. 12 ఏళ్ల లోపు పిల్లలకు అదే పీఎన్ఆర్ మీద ప్రయాణిస్తున్న తల్లి లేదా తండ్రి పక్కన సీటు ఇవ్వాలని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024లో విమాన సంస్థలను ఆదేశించింది. రెండు బుకింగులుగా విడదీసి, పిల్లలు ఒక దానిలో, మీరు మరో దానిలో ఉంటే ఆ రక్షణ మీకు వర్తించదు. కార్డు ఆఫర్‌లో వచ్చే కొన్ని వందల కంటే బాబు మీ పక్కన ఉండటం ముఖ్యమని మీ వారికి విడిగా చెప్పనక్కరలేదు, బుకింగ్ సమయంలో గుర్తుచేస్తే చాలు. అత్తగారికో మామగారికో ఎక్కువ దూరం నడవడం కష్టమైతే వీల్‌చెయిర్‌ను టికెట్ తీసుకునేటప్పుడే అడగండి. అందరూ నిద్రపోయి లేచి బయలుదేరగల పగటి విమానానికి రెండు మూడు వేలు ఎక్కువైనా, పిల్లలూ పెద్దలూ ఉన్న కుటుంబానికి అది దుబారా కాదన్నది నా అభిప్రాయం.

కారు విషయం దీనికంటే పెద్దది. అందులో డబ్బుతో పాటు ప్రాణభయం కూడా ఉంది కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను. మనమే నడుపుకునేందుకు చట్టబద్ధంగా అద్దెకిచ్చే పెట్రోలు, డీజిల్ కార్లకు నల్లటి ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉంటాయి. తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలున్నది సొంత వాడకపు బండి. దాని బీమా సొంత వాడకానికే గానీ అద్దెకు తిప్పడానికి కాదు. ఏదైనా ప్రమాదం జరిగితే, అద్దెకు తిప్పారన్న కారణంతో బీమా సంస్థ పరిహారం నిరాకరించవచ్చు, అప్పుడు ఆ నష్టమంతా బండి నడిపినవారి మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది. పోలీసులు ఆపి ప్రశ్నించడంతోనే మీకు అది ముగియడం మంచిదే అయింది. రోజుకు కొన్ని వందలు తగ్గుతాయని అలాంటి బండి మళ్లీ తీసుకోవద్దని మీరు గట్టిగానే చెప్పవచ్చు. ఆ కారులో కూర్చునేది మీరూ మీ పిల్లలే కదా.

నల్ల ప్లేటు బండి తీసుకున్నప్పుడు కూడా తాళాలు చేతికి వచ్చిన నిమిషంలోనే, యజమానో అతని మనిషో పక్కన ఉండగా, కారు చుట్టూ ఒక వీడియో తీయండి. నాలుగు తలుపులు, ముందు వెనుక బంపర్లు, అద్దాలు, చక్రాల అంచులు, పైకప్పు, లోపల సీట్లు, చివరగా మీటరు మీద కిలోమీటర్లు, పెట్రోలు ముల్లు ఎక్కడుందో కనిపించాలి. ఆ వీడియోను అక్కడికక్కడే అతని వాట్సాప్‌కు పంపండి. ముందే ఉన్న గీతకు మీ డిపాజిట్‌లో కోత పడకుండా కాపాడేది అదే. డిపాజిట్ ఎన్నాళ్లలో తిరిగి వస్తుందో, దెబ్బ తగిలితే ఎంతవరకు మీరు భరించాలో రాతపూర్వకంగా అడగండి. ఆ రాత ఇవ్వడానికి వెనుకాడే మనిషి దగ్గర కారు తీసుకోవద్దు. మోటారు వాహన చట్టం ప్రకారం పిల్లలకు బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ తప్పనిసరి. బాబు కోసం చైల్డ్ సీటు ఇస్తారా అని ముందే అడిగి ఉంచండి, మన దగ్గర అది అన్ని చోట్లా దొరకదు.

మున్నార్‌కు మాత్రం సొంతంగా నడుపుకునే కారు వద్దనే నా సలహా. కొచ్చి విమానాశ్రయం ఉన్న నెడుంబాస్సేరి నుంచి మున్నార్ దాదాపు 110 కిలోమీటర్లు, కానీ నాలుగు గంటలు పడుతుంది. నేరియమంగళం దాటాక అంతా మలుపుల ఘాట్ రోడ్డు. వెనుక సీట్లో పిల్లలకు వాంతులవుతుంటే, మామగారు దారి చెబుతుంటే, ఎదురుగా బస్సు వస్తుంటే ఎంత శాంతమైన మనిషికైనా సహనం నిలవడం కష్టం. పసుపు ప్లేటు ట్యాక్సీని అక్కడి డ్రైవరుతో సహా మాట్లాడుకోండి. డ్రైవరు రోజువారీ బత్తా, అతని రాత్రి బస, టోల్, పార్కింగ్ అద్దెలో కలిశాయో లేదో ముందే తేల్చుకోండి. మీ వారు కూడా ఆ రోజుల్లో కిటికీ పక్కన కూర్చుని టీ తోటలు చూస్తారు. ఆయనకూ అది సెలవే కావాలి.

ఎంత చూసుకున్నా ఏదో ఒకటి తప్పుతుంది. విమానం ఆలస్యం కావచ్చు, గది బాగుండకపోవచ్చు. అందుకని మొత్తం ఖర్చులో పదో వంతు అనుకోని వాటికని ముందే పక్కన పెట్టండి. ఆ డబ్బు పోయినా ఎవరూ ఎవరినీ అడగకూడదని ఒప్పందం చేసుకోండి. కౌంటర్ దగ్గర సమస్య వస్తే ఒక్కరే మాట్లాడాలి, మిగిలినవారు పిల్లలను తీసుకుని దూరంగా కూర్చోవాలి. ఎవరి వల్ల జరిగిందన్న చర్చ ఇంటికి వచ్చేదాకా తేకూడదు. ఇంత చేశాక కూడా ఆయన కోపం మారకపోతే, లేక ఇంట్లోనూ మొదలైతే, అప్పుడది ప్రయాణాల సమస్య కాదు. అలాంటప్పుడు ఇద్దరూ కలిసి కౌన్సెలర్‌ను నేరుగా కలవండి.

ఒక్కటి మాత్రం మీ వారికే వదిలేయండి. ఒక్కొక్కరి పెట్టె 15 కిలోలు దాటకూడదని, పిండివంటలు కట్టేటప్పుడు అది చూసుకోవాలని అత్తగారికి ఎవరో ఒకరు చెప్పాలి. కోడలు చెబితే అది అత్తగారు ప్రేమగా చేసిన వాటిని వద్దన్నట్టు వినిపిస్తుంది. అదే కొడుకు చెబితే ఎయిర్‌లైన్ నిబంధనలా వినిపిస్తుంది. సామాను తూచే చిన్న త్రాసు ఒకటి కొని ఆయన చేతికే ఇవ్వండి. బయలుదేరే ముందు రోజు సాయంత్రం తల్లి పక్కన కూర్చుని పెట్టెలు తూచే పని ఆయనదే.