అమ్మాయి ఫైటర్ పైలట్ కావచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి కావలిలో ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. ఫైటర్ పైలట్ అవుతానంటోంది. గాలిలో పడే ఒత్తిడికి ఆడపిల్లల శరీరం ఆగదని బంధువులు భయపెడుతున్నారు. నిజమేనా? - ఒక తల్లి

జవాబు: నిజం కాదమ్మా. ఈ మాట విని పాప దరఖాస్తు మానుకుంటే నాకు చాలా బాధగా ఉంటుంది.

యుద్ధవిమానం అతివేగంతో మలుపు తిరిగినప్పుడు ఒంటి బరువు ఎన్నో రెట్లు పెరిగినట్లుంటుంది. దాన్ని ‘జి’లలో కొలుస్తారు. 9 జి వద్ద 50 కిలోల మనిషి 450 కిలోలు తూగినట్లే. రక్తం కాళ్లలోకి దిగిపోతుంది, చూపు మసకబారుతుంది, చివరికి స్పృహ తప్పుతుంది. ఏ రక్షణా లేకపోతే చాలామందికి, ఆడైనా మగైనా, 4, 5 జి దగ్గరే చూపు తగ్గడం మొదలవుతుంది.

అమెరికా వైమానిక దళ పరిశోధకులు 102 మంది మహిళలను, 139 మంది పురుషులను సెంట్రిఫ్యూజ్ యంత్రంలో (మనిషిని గిరగిరా తిప్పి జి ఒత్తిడి కలిగించే యంత్రం) తిప్పి చూసి, 1986లో ఫలితాలు ప్రచురించారు. జి తట్టుకోవడంలో మొత్తం మీద ఇద్దరికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒకే ఎత్తున్న వారిని పోల్చినప్పుడు మాత్రం మహిళల సగటు తగ్గింది. అయినా ఈ కారణంతో మహిళలను పక్కన పెట్టరాదనే తేల్చారు. ఇందులో ఎత్తు పాత్ర ఉంది: పొట్టివారికి గుండె నుంచి కంటికి దూరం తక్కువ కాబట్టి రక్తం పైకి చేరడం సులువు.

మిగతాది శిక్షణ. కాళ్లను, పొట్టను బిగించి, ఊపిరి బిగబట్టి, మూడేసి సెకన్లకోసారి చటుక్కున గాలి వదిలి మళ్లీ పీల్చుకోవడం నేర్పుతారు. గాలి నిండి కాళ్లను, పొట్టను నొక్కే జి-సూట్ తోడుంటుంది. అది ఒంటికి సరిగ్గా అమరాలి. ఊపిరి బిగబట్టే ఈ సాధన ఇంట్లో చేయనివ్వకండి. కాళ్ల బలానికి గుంజిళ్లు చాలు. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. రక్తహీనత ఉంటే ఇప్పుడే వైద్యం మొదలుపెట్టాలి. నెల్లూరు ఎండల్లో నీళ్లు తక్కువ తాగి పరుగెత్తనివ్వకండి, ఒంట్లో నీరు తగ్గితే జి తట్టుకునే శక్తీ తగ్గుతుంది.

2016 జూన్‌లో హైదరాబాద్ దగ్గరి దుండిగల్‌లో అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ ఫైటర్ విభాగంలో అధికారులయ్యారు. 2018లో అవని మిగ్-21 యుద్ధవిమానాన్ని ఒంటరిగా నడిపారు.

మీ అమ్మాయి ఇప్పుడే ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ, సైనిక అధికారుల శిక్షణ సంస్థ) ప్రవేశ పరీక్ష రాయవచ్చు; 2022 నుంచి అక్కడ అమ్మాయిలకూ ప్రవేశం ఉంది. అది తప్పితే డిగ్రీ తరువాత ఏఎఫ్‌క్యాట్ (వైమానిక దళ అధికారుల ఎంపిక పరీక్ష) ఉంది. అసలు అడ్డంకి ఎత్తు, కంటిచూపు కావచ్చు. కాక్‌పిట్‌లో అన్నీ అందాలి కాబట్టి పైలట్లకు కనీసం 162.5 సెంటీమీటర్ల ఎత్తు అడుగుతారు. ఈ వారమే రెండూ చూపించి నాకు రాయండి.